పిల్లలు సర్వేలో నిజం చెప్పాలంటే

పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో మద్యం తాగేవారు 1.3 శాతం. గంజాయి, భంగు వంటివి వాడేవారు 0.9 శాతం. నల్లమందు, హెరాయిన్, కొడీన్ కలిసిన దగ్గు మందు, కొన్ని రకాల నొప్పి మాత్రలు, వీటన్నిటినీ వైద్యులు ఓపియాయిడ్లు అంటారు. అవి వాడే పిల్లలు 1.8 శాతం. మన దేశంలో పిల్లల మత్తు అలవాట్ల గురించి పార్లమెంటులో జవాబు చెప్పాలన్నా, పత్రికలో సంపాదకీయం రాయాలన్నా అందరూ తిరిగి తిరిగి చేరేది ఈ అంకెల దగ్గరికే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. ఈ అంకెలు అందులోవి.

మొదటి అంకెనూ చివరి అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దవాళ్లలో మద్యం తాగేవారు 17.1 శాతం, ఓపియాయిడ్లు వాడేవారు 2.1 శాతం. అక్కడ మద్యం ఎనిమిది రెట్లు ఎక్కువ. పిల్లల దగ్గరికి వచ్చేసరికి వరుస తిరగబడి, మద్యం కంటే ఓపియాయిడ్లే ఎక్కువయ్యాయి. ఊరూరా మద్యం దుకాణం ఉన్న దేశంలో, పెళ్లికీ పండక్కీ ఇంట్లో సీసా కనిపించే రాష్ట్రాల్లో ఉంటూ ఈ వరుసను నేను నమ్మలేను. చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినదాన్ని. అంకెల వరుస ఇలా తిరగబడినప్పుడు పిల్లవాడు ఏం వాడుతున్నాడన్న ప్రశ్న కంటే ముందు, ఆ పిల్లవాణ్ణి ఎవరు, ఎక్కడ, ఎలా అడిగారన్న ప్రశ్న వేసుకోవాలని నా అనుభవం చెబుతుంది.

ఆ నివేదికను తీసిపారేయమని నేను అనడం లేదు. మన దేశంలో ఈ విషయం మీద జరిగిన పనుల్లో అంత పెద్దది మరొకటి లేదు. 2,00,111 ఇళ్లకు వెళ్లారు, 4,73,569 మందితో మాట్లాడారు, అప్పటి 36 రాష్ట్రాలనూ కేంద్రపాలిత ప్రాంతాలనూ చుట్టివచ్చారు. అంతకు ముందరి జాతీయ సర్వే 2004లో బయటికొచ్చింది. అందులో అడిగింది 40,697 మందిని, అదీ పన్నెండు నుంచి అరవై ఏళ్ల మగవాళ్లను మాత్రమే. ఆడపిల్లల ఊసే లేదు. పిల్లల మత్తు వాడకంపై జాతీయ సర్వే చేసి లెక్క తేల్చమని బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే బాలల హక్కుల సంస్థ వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించాల్సి వచ్చింది.

కాబట్టి ఆ శ్రమను గౌరవిస్తూనే అడుగుతున్నాను. రెండు గదుల ఇంట్లో అమ్మ వంటగదిలో ఉంటుంది, నాయనమ్మ వసారాలో మంచం మీద ఉంటుంది. గుమ్మంలోకి ఒక కొత్త మనిషి వచ్చి పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని, గత పన్నెండు నెలల్లో మద్యం తాగావా అని అడుగుతాడు. ఎంత మృదువుగా అడిగినా, పక్కకు తీసుకెళ్లి అడిగినా, ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు ఉన్న జవాబు ఒకటే. మాత్రల సంగతి వేరు. దగ్గు మందో నొప్పి మాత్రో వేసుకున్నానని చెప్పడానికి పిల్లవాడికి అంత సిగ్గు ఉండదు, అది తప్పని ఇంట్లో ఎవరూ తిట్టి ఉండరు. పిల్లల వరుస తిరగబడడానికి నాకు తోచే కారణం ఇదే. ఆ అంకెల్లో అలవాటుతో పాటు సిగ్గు కూడా కలిసిపోయి ఉంది. ఏ మత్తుకు ఎంత సిగ్గు ఉంటే దాని అంకె అంత కుంగుతుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. పోల్చి చూడడానికి ఇంకో సర్వే ఉంది. హైదరాబాద్‌తో సహా పది నగరాల్లో 5,920 మంది బడి పిల్లలను వాళ్ల తరగతుల్లోనే అడిగిన అధ్యయనం నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియాలో వచ్చింది. పిల్లల సగటు వయసు 14.7 ఏళ్లు. అక్కడ గత ఏడాదిలో మద్యం తాగామన్నవారు 3.8 శాతం, ఓపియాయిడ్లు వాడామన్నవారు 2.8 శాతం. వరుస మళ్లీ మనకు తెలిసిన లోకంలా సర్దుకుంది. నగరాలు వేరు, వయసులు వేరు, సంవత్సరాలు వేరు, నిజమే. అయినా ఇంట్లో అడిగితే 1.3 దగ్గర ఆగిన మద్యం, ఇంటి కప్పు దాటగానే దాదాపు మూడు రెట్లయింది. ఈ తేడా మొత్తం నగరాల వల్లనే వచ్చిందంటే ఒప్పుకోలేను.

ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన మాట పత్రికల శీర్షికల్లోకి ఎక్కలేదు. ఎవరైనా అడిగితే మత్తు వాడకం సంగతి దాచిపెడతామని సగానికి పైగా పిల్లలు అదే కాగితం మీద చెప్పారు. శీర్షికలకెక్కింది 15.1 శాతం అన్న అంకె. అది జీవితంలో ఎప్పుడైనా, ఏదైనా, ఒక్కసారైనా వాడినవారి లెక్క, పొగాకు కూడా అందులోనే ఉంది. గత ఏడాది అంటే 10.3 శాతం, గత నెల అంటే 7.2 శాతం. బాబాయి గ్లాసులోంచి ఒక గుక్క తాగి ఉమ్మేసినవాడూ, రోజూ బడి వెనక గంజాయి తాగేవాడూ మొదటి అంకెలో ఒకటే. ఆ అంకెను పట్టుకుని ‘ప్రతి ఏడుగురిలో ఒకరు మత్తులో’ అని రాస్తే తల్లిదండ్రుల గుండె ఆగుతుంది, లెక్క మాత్రం తప్పుతుంది.

తరగతి గది ఇంటికంటే మెరుగన్నాను. కానీ మన తరగతి గదులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఒకసారి మా బడికి ఇలాంటి ప్రశ్నపత్రం పట్టుకుని ఒక బృందం వచ్చింది. పేరు రాయనక్కర్లేదని చెప్పారు, కాగితం పైన తరగతి, సెక్షన్, రోల్ నంబరు గడులు మాత్రం ఉన్నాయి. ప్రధానోపాధ్యాయుడు గుమ్మంలో నిలబడ్డారు. క్రమశిక్షణ తప్పకుండా చూడమని నన్ను బల్లల మధ్య తిరగమన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా వైపు తలెత్తి, “టీచర్, టిక్కు పెడితే చాలా? రాయాలంటే నా రాత మీకు తెలిసిపోతుంది కదా” అంది. ఆ పిల్ల ఏదో వాడుతోందని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. కానీ ఆ ప్రశ్న ఎంత తెలివైనదో చూడండి. సర్వే తయారు చేసినవాళ్లకు తట్టనిది ఆ పిల్లకు తట్టింది. ఆ గదిలోని ముప్పై చిల్లర కాగితాల్లో దాదాపు అన్నిటిలోనూ ప్రతి ప్రశ్నకూ ‘లేదు’ అనే ఉంది.

పిల్లలు దాస్తారన్నది సగం సంగతి. లేనిది ఉందని చెప్పే పిల్లలు కూడా ఉంటారు, అది తరగతి గదికి ప్రత్యేకమైన జబ్బు. అమెరికాలో వేల మంది టీనేజర్లపై చేసిన ఒక పెద్ద ఆరోగ్య సర్వేలో, మాకు కృత్రిమ చేయో కాలో ఉందని బడిలో కాగితం మీద రాసిన పిల్లలను తర్వాత ఇంటికి వెళ్లి చూస్తే, నూటికి 99 మందికి అన్ని అవయవాలూ సొంతవే. వెనక బల్ల మీద ఇద్దరు ముసిముసిగా నవ్వుకుంటూ నింపిన కాగితాలవి. మద్యం లాంటి ఎక్కువమంది వాడే వాటి విషయంలో వీళ్ల వల్ల పెద్ద నష్టం లేదు. అరుదైన మత్తు దగ్గరే ప్రమాదం. మన 2019 నివేదికలో కొకెయిన్ వాడే పిల్లలు 0.06 శాతం అన్నారు, అంటే పదివేల మందిలో ఆరుగురు. పదివేల మంది బడి పిల్లలకు కాగితం ఇస్తే, సరదాకి టిక్కు పెట్టేవాళ్లు ఇరవై మంది ఉన్నా చాలు, ఆ ఆరు ఇరవై ఆరవుతుంది. మర్నాడు కొకెయిన్ నాలుగు రెట్లు పెరిగిందని వార్త వస్తుంది. యూరప్ దేశాల బడుల్లో 1995 నుంచి జరుగుతున్న ఎస్పాడ్ సర్వేలో దీనికి ఒక ఉపాయం చేశారు. అసలు మత్తుల జాబితాలో ‘రెలెవిన్’ అనే లేని మందు పేరు ఇరికించారు. అది వాడానన్న పిల్లవాడి మిగతా జవాబులను ఎంతవరకు నమ్మాలో వాళ్లకు తెలిసిపోతుంది. మన ప్రశ్నపత్రాల్లోనూ ఇలాంటి ప్రశ్న ఒకటి ఉండాలి, ఎంతమంది దానికి ‘అవును’ అన్నారో నివేదికలో అచ్చు వేయాలి.

దాచేవాడూ కాక, కోతలు కోసేవాడూ కాక, అసలు తెలియనివాడు మరొకడు ఉన్నాడు. మన తెలుగు నేలకు వస్తే ఇతనే ముఖ్యం. హైదరాబాద్ చుట్టుపక్కల గంజాయి కలిపిన చాక్లెట్లు పట్టుబడిన వార్తలు ఎన్నిసార్లు చదివామో! అలాంటి చాక్లెట్ తిన్న పిల్లవాణ్ణి నువ్వు గంజాయి వాడావా అని అడిగితే లేదంటాడు, తనకు తెలిసినంతలో నిజమే చెబుతాడు. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు కలుపుతారు. పండగ పూట ఇంట్లో పెద్దవాళ్లే పిల్లవాడికి కాస్త కల్లు పోస్తే ఆ కల్లు సర్వేలో మద్యం కింద నమోదవుతుంది, లేదా కల్లు మద్యమే కాదనుకున్న ఇంట్లో దేని కిందా నమోదు కాదు. అందులో కలిసిన నిద్రమాత్ర ఏ గడిలోకీ రాదు. నిద్రమాత్రలు, మత్తుమాత్రలు వాడేవారు ఎక్కువున్న మొదటి అయిదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని 2019 నివేదిక చెప్పింది. తెలంగాణ పేరు ఆ అయిదింటిలో లేదు. కల్లులో కలిసిన మాత్రను లెక్కించే దారి ఉంటే ఆ జాబితా అలాగే ఉండేదా అన్నది నన్ను తొలిచే ప్రశ్న.

ఇక లెక్కలోకే రాని పిల్లలు. ఇళ్ల జాబితా పట్టుకుని బయలుదేరిన సర్వే ఇళ్లలో ఉన్నవాళ్లనే పట్టుకుంటుంది. పదో తరగతి అయ్యీ కాగానే రెండేళ్లు హాస్టల్లో వేసి ఇంటర్ చదివించడం మన రెండు రాష్ట్రాల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. సరిగ్గా ఈ అలవాట్లు మొదలయ్యే వయసులో మన పిల్లలు ఇళ్లలో ఉండరు. సికింద్రాబాద్, విజయవాడ లాంటి పెద్ద రైల్వే స్టేషన్ల దగ్గర గుడ్డలో వైట్‌నర్ పోసుకుని పీల్చే పిల్లలకైతే ఇంటి చిరునామాయే లేదు. ఇలా పీల్చే మత్తు ఒక్కదానిలోనే పిల్లలు పెద్దలను మించిపోయారు. పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. దీని నుంచి బయటపడడానికి సాయం కావలసిన పిల్లలే 4.6 లక్షల మందని 2019 నివేదిక అంచనా. ఇంటి కప్పు కింద నిద్రపోయే పిల్లల్లోనే ఇంత కనబడిందంటే, ప్లాట్‌ఫారం మీద పడుకునేవాళ్లను కలిపితే ఎంతవుతుంది?

ఇదంతా విన్నవాళ్లు కొందరు, అయితే పిల్లలను అడగడమే దండగ, పరీక్షలు చేయించండి అంటారు. వాళ్ల చేతిలో గట్టి ఆధారమే ఉంది. అమెరికాలోని డెట్రాయిట్‌లో, ప్రమాదం ఎక్కువున్న పరిసరాల్లో పెరిగిన నాలుగు వందలకు పైగా టీనేజర్ల వెంట్రుకలు పరీక్షిస్తే, వాళ్లు నోటితో ఒప్పుకున్నదానికి 52 రెట్లు కొకెయిన్ ఆనవాళ్లు బయటపడ్డాయి. 2010లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఈ అధ్యయనం చదివినప్పుడు నేనూ ఉలిక్కిపడ్డాను. అయితే అది ఒక ఊరు, ఒక రకం కుటుంబాలు, ఒక మత్తు. అన్ని సర్వేలనూ 52తో గుణించడం కుదరదు.

బడుల్లో, కళాశాలల్లో మూత్ర పరీక్షలన్న ఆలోచనకైతే నేను గట్టిగా వ్యతిరేకిని. మద్యం ఆనవాలు మామూలు పరీక్షకు అందకుండా గంటల్లో పోతుంది. గంజాయి రోజుల తరబడి, రోజూ తాగేవాళ్లలో వారాల తరబడి నిలుస్తుంది. వైట్‌నర్ పీల్చినవాడు మామూలు మూత్ర పరీక్షలో దొరకనే దొరకడు. పెద్దలకంటే పిల్లలే ఎక్కువగా వాడుతున్న ఒకే ఒక్క మత్తును వదిలేసే పరీక్ష అది. పైగా పరీక్షలు పెట్టిన అమెరికా బడులనూ పెట్టని బడులనూ మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో పోల్చి చూస్తే వాడకంలో తేడా కనబడలేదు. పరీక్ష భయం వచ్చాక ఏ పిల్లవాడూ ఏ కాగితం మీదా నిజం రాయడు. పరీక్ష వల్ల వాడకం తగ్గదు, నిజం చెప్పడం మాత్రం తగ్గుతుంది.

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది ఇదే. రెండు రాష్ట్రాల్లోనూ మత్తుపదార్థాల మీద పోరాటం ఇప్పుడు జోరుగా సాగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 నంబర్లకు ఫోన్ చేయమని బడి గోడల మీద కాగితాలు అంటిస్తున్నారు. అమ్మేవాణ్ణి పట్టుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పిల్లవాడికి చేరుతున్న సందేశంలో జైలు తప్ప మరొకటి వినబడదు. మత్తుమందుల నియంత్రణకు 1985లో తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద వాడకం కూడా నేరమే. చికిత్సకు తనంతట తాను ముందుకొచ్చినవాడికి అదే చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుందన్న సంగతి ఏ గోడ మీదా పెద్ద అక్షరాల్లో నేను చూడలేదు. ఈ వాతావరణంలో రేపు సర్వే చేస్తే అంకెలు తగ్గవచ్చు. పిల్లలు మానేసినా తగ్గుతాయి, పిల్లలు మరింత భయపడినా తగ్గుతాయి. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిదే జరిగిందని ప్రకటించుకోవడానికి మాత్రం నాయకులు సిద్ధంగా ఉంటారు.

ఆ రెండింటినీ విడదీసే దారి ఒకటుంది. ఒకే ప్రశ్నలు, ఒకే పద్ధతి, ఏటేటా. వంద గ్రాములు తక్కువ చూపే కాటా మీద బిడ్డను ప్రతి నెలా తూచినా, బిడ్డ పెరుగుతోందో లేదో తెలుస్తుంది. నెలకొక కాటా మారిస్తేనే ఏమీ తెలియదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి ఏటా ఒకే తీరున పన్నెండో తరగతి పిల్లలను అడుగుతోంది, 1991 నుంచి ఎనిమిది, పది తరగతులనూ కలిపింది. 2021లో అక్కడ అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. కొవిడ్ కాలం, చాలామంది ఇళ్ల నుంచే జవాబులిచ్చారు. అందువల్ల దాచారేమోనన్న అనుమానం వచ్చింది. బడిలో కూర్చుని రాసినవాళ్లను విడిగా చూశారు, వాళ్లలోనూ తగ్గింది. పిల్లలు బడికి తిరిగొచ్చిన తర్వాతి ఏళ్లలోనూ అంకెలు పాత స్థాయికి ఎగబాకలేదు. తగ్గుదల నిజమేనని అప్పుడు ధైర్యంగా చెప్పగలిగారు. మనం చేస్తున్నదేమిటి? 2004 నివేదికలోని 0.7 శాతాన్నీ 2019 నివేదికలోని 2.1 శాతాన్నీ పక్కపక్కన పెట్టి ఓపియాయిడ్ల వాడకం మూడు రెట్లయిందంటున్నాం. మొదటిది మగవాళ్ల లెక్క, రెండోది ఆడ, మగ, పిల్లల లెక్క. పెరిగి ఉండవచ్చు, నేను కాదనను. కానీ ఆ పక్కపక్కన పెట్టడంలో రుజువు లేదు. పైగా ఆ సర్వే జరిగిన 2018లో పదేళ్లున్న పిల్లవాడికి 2026లో పద్దెనిమిది నిండుతాయి. అప్పటి పిల్లల్లో ఒక్కరూ ఇక పిల్లలు కారు, వాళ్ల అంకెలే ఇప్పటి పిల్లల అంకెలుగా చెలామణి అవుతున్నాయి.

అడిగే పద్ధతి మార్చుకోవడం కష్టమేమీ కాదు. మనిషి ఎదురుగా కూర్చుని అడగకుండా, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, ప్రశ్న వినిపించి, తెర మీద తాకి జవాబిమ్మంటే పిల్లలు ఎక్కువ చెబుతారని 1998లోనే సైన్స్ పత్రికలో రుజువైంది. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల అమెరికా అబ్బాయిలను కాగితం మీద అడిగితే తోటి మగవారితో లైంగిక సంబంధం ఉందన్నవారు 1.5 శాతం, కంప్యూటర్ అడిగితే 5.5 శాతం. ఫోను చేతిలో పెట్టి, పిల్లవాడి యాసలోనే ప్రశ్న వినిపించడానికి ఇవాళ మనకేమీ అడ్డు లేదు.

లెక్కల టీచరుగా నాకు మరీ ఇష్టమైన పద్ధతి ఇంకొకటి ఉంది. 1965లో వార్నర్ అనే గణాంక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఆలోచనకు ఇది సులువైన రూపం. ప్రతి పిల్లవాడూ ఎవరికీ కనబడకుండా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే ప్రశ్న ఏదైనా ‘అవును’ అని రాస్తాడు. బొరుసు పడితే నిజం రాస్తాడు. వెయ్యి మందిలో 560 ‘అవును’లు వచ్చాయనుకుందాం. సుమారు 500 నాణెం వల్ల వచ్చినవి. మిగిలిన 500 మందిలో 60 నిజమైనవి, అంటే 12 శాతం. ఏ ఒక్క కాగితం పట్టుకున్నా ఆ పిల్లవాడు దోషి అని ఎవరూ అనలేరు, ఆ ‘అవును’ నాణెందే కావచ్చు. టీచరు కొట్టదు, పోలీసు అడగడు అన్న హామీని నమ్మని పిల్లవాడు కూడా దీన్ని తానే లెక్క వేసుకుని నమ్మగలడు. కొకెయిన్ లాంటి అరుదైన వాటికి ఇది పనికిరాదు, నాణెం ఒడిదుడుకుల్లో ఆ ఆరుగురు మునిగిపోతారు. మద్యానికీ పొగాకుకూ పనికొస్తుంది, గంజాయికైతే ఎక్కువమంది పిల్లలను అడగాలి. పదో తరగతిలో సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు దీన్ని చేయించి చూపిస్తే పిల్లలకు పాఠమూ వస్తుంది, ధైర్యమూ వస్తుంది.

రాబోయే సర్వేను తయారుచేసేవాళ్లను నేను కోరేవి చిన్నవే. కాగితం మీద రోల్ నంబరు గడి తీసేయండి. గంటసేపు ఉపాధ్యాయులను గది బయట ఉంచండి. హాస్టళ్లకూ స్టేషన్లకూ విడిగా వెళ్లండి. ఏ బడి పేరుతోనూ అంకెలు బయటపెట్టకండి, పెడితే మరుసటి ఏడాది ఏ ప్రధానోపాధ్యాయుడూ గేటు తీయడు. జవాబివ్వనన్నవాళ్లు ఎంతమందో కూడా అచ్చు వేయండి. తల్లిదండ్రుల అనుమతి పత్రం విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. నాన్న సంతకం పెట్టాడంటే జవాబులు కూడా నాన్న చూస్తాడనే పిల్లవాడు అనుకుంటాడు. మీ బిడ్డ జవాబులు మీరు అడిగినా చూపించబోమని ఆ పత్రంలోనే రాయాలి. అడగడానికి వచ్చిన తండ్రిని ఆ మాట చెప్పి వెనక్కి పంపాలి. అదే పత్రం నకలు పిల్లవాడి చేతికీ ఇవ్వాలి.